పాళీ ఎవరింటి పిల్ల చదవాలి?



ధమ్మ మిత్రులారా, మీరు ప్రతి ఆదివారం విహారంలో కూర్చుని మూడుసార్లు శరణం చెబుతారు. పంచశీల చెబుతారు. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, ఒక్క అక్షరం తడబడకుండా చెబుతారు. చెప్పించేవాడు ముందు చెబుతాడు, మీరు వెనక అంటారు. మా బెల్లంపల్లిలో ఇరవై ఏళ్ళుగా చెప్పించేవాణ్ణి నేనే. నాకు ఆ మాటల అర్థం ఎంత తెలుసని మీరు అడగలేదు. అడగనందుకు నేను లోలోపల సంతోషించాను. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మూడేళ్ళ క్రితం అంబేడ్కర్ జయంతి సభలో నేను గట్టిగా మాట్లాడాను. మన పిల్లలు పాళీ చదవాలి, మన ధమ్మాన్ని మనమే చదువుకోవాలి, ఇంకొకరు చదివి చెబితే వినే రోజులు పోవాలి అన్నాను. చప్పట్లు కొట్టారు. వారం తర్వాత ఇంటర్ పాసైన ఒక అమ్మాయి వాళ్ళమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. తండ్రి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలి. తల్లి మిషను కుడుతుంది. "సారూ, పాళీ ఏ కాలేజీలో చెప్తరు?" అని అడిగింది పిల్ల. నాకు సంతోషం పట్టలేదు. బల్లార్షా దాటితే చంద్రపూర్ వైపు ఒక చిన్న కాలేజీ ఉంది, బీఏలో పాళీ ప్రధాన సబ్జెక్టుగా ఉంది అని చెప్పాను. నాగపూర్‌లో దీక్ష ఇచ్చిన రెండు రోజులకే, 1956 అక్టోబర్ 16న, బాబాసాహెబ్ దీక్ష ఇచ్చిన నేల అది అని కూడా చెప్పాను.

తల్లి అంతా విన్నది. లేచి నిలబడి ఒక్క మాట అడిగింది. "గంత మంచి సదువైతే మీ కొడుకునెందుకు సదివియ్యలే సారూ?"

మా అబ్బాయి అప్పటికి హైదరాబాదులో బీటెక్ మూడో సంవత్సరం.

ఈ చిన్న పుస్తకం ఆ ప్రశ్న గురించే. మీలో ఎవరైనా, మన ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కుతున్న పిల్లనో పిల్లగాణ్ణో పెట్టుకుని, పాళీయో సంస్కృతమో లాంటి పాత భాష చదవటం న్యాయమా, దండగా అని ఆలోచిస్తుంటే, నాతో పాటు కాసేపు కూర్చోండి. నా దగ్గర తేల్చి చెప్పే జవాబు లేదు. కానీ ఈ మూడేళ్ళలో నాకు కొన్ని అర్థమయ్యాయి.

మొదట కోపం సంగతి. ఈ భాషల దగ్గరికొస్తే మనకు కోపం రావటం సహజం. వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరమూ లక్కా కరిగించి పోయాలనీ, పలికితే నాలుక కోయాలనీ గౌతమ ధర్మసూత్రంలో రాసిపెట్టారు. శూద్రుడికే అదైతే, ఊరి బయట ఉన్న మన గతి చెప్పాలా? బాబాసాహెబ్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం తీసుకోవాలనుకున్నాడు. అంటరాని పిల్లలకు చెప్పనన్నాడు పంతులు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. వద్దన్న చోటికే పోయి చదవాలి అనే పట్టుదల మనలో చాలామందికి అక్కడి నుంచే వస్తుంది. నా జయంతి ఉపన్యాసంలో సగం ఆ కోపమే. కానీ కోపంతో ఒక పిల్లని మూడేళ్ళు చదివించలేం. కోపం మెస్ ఫీజు కట్టదు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. అది వేరెవరో కాదు, బాబాసాహెబే చెప్పాడు. 1946లో వచ్చిన 'శూద్రులెవరు' పుస్తకం ముందుమాటలో, తనకు సంస్కృతంలో పాండిత్యం లేదన్న మాటను ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. అందువల్ల ఈ విషయం మీద మాట్లాడే అర్హత లేదంటే మాత్రం ఒప్పుకోలేదు. సంస్కృత గ్రంథాల్లో ఇంగ్లీషులోకి రానివి చాలా తక్కువ, అవే ఏళ్ళ తరబడి చదివాను అన్నాడు. అంటే అనువాదాలు చదివి కూడా సత్యాన్ని పట్టుకోవచ్చు. మరి మన పిల్ల పాళీ వ్యాకరణం బట్టీ పట్టడం ఎందుకు? తిపిటకం ఇంగ్లీషులో ఉంది. లండన్‌లో పాళీ టెక్స్ట్ సొసైటీ 1881లో మొదలై ఆ పని చాలావరకు చేసిపెట్టింది. తెలుగులోకీ కొంత వచ్చింది. చదువుకుంటే సరిపోదా?

ఈ వాదన తేలికైనది కాదు. అయితే అదే బాబాసాహెబ్ తర్వాత కూర్చుని పాళీ నిఘంటువు తయారు చేశాడు. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఆయన రచనల 16వ సంపుటం నిండా పాళీ నిఘంటువు, వ్యాకరణం, బుద్ధపూజ పాఠమే. రాజ్యాంగం రాసిన చేతికి, ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉన్న మనిషికి, ఒక్కో పదానికీ అర్థం రాసుకునే ఓపిక ఎందుకొచ్చింది? వాదించటానికి అనువాదం చాలు. ఒక ధమ్మంలో బతకాలంటే చాలదని ఆయనకు తోచి ఉంటుందని నా ఊహ. ఊహే, ఆయన అలా చెప్పాడని నేను అనటం లేదు.

ఈ తేడా నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఆ పిల్ల కాలేజీలో చేరింది. మొదటి సంవత్సరం పాళీ ప్రధానంగా తీసుకున్నవాళ్ళు ఆమెతో కలిపి ఆరుగురు. చెప్పే సారు ఒక్కడే. లైబ్రరీలో పాళీ పుస్తకాలకు ఒకే బీరువా. పాఠం మరాఠీలో చెబుతారు. బడిలో హిందీ వాచకం పుణ్యమా అని నాగరి అక్షరాలు వచ్చుగానీ, మరాఠీ రాదు. అంటే పాళీ నేర్చుకోవటానికి ముందు ఇంకో భాష నేర్చుకోవాలి. పాళీకి సొంత లిపి లేదని మీకు తెలుసు కదా. సింహళంలో సింహళ లిపి, బర్మాలో బర్మా లిపి, అక్కడ నాగరి, మన చేతుల్లోని వందన పుస్తకాల్లో తెలుగు. దసరా సెలవులకు వచ్చినప్పుడు పిల్ల సగానికి తగ్గింది. విహారానికొచ్చి వెనక వరుసలో కూర్చుంది.

నేను ఎప్పటిలాగే పంచశీల చెప్పించి, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం అర్థం చెప్పాను. 'సిక్ఖాపదం' అంటే శిక్షాపదం, అంటే ఈ అయిదూ తప్పితే శిక్ష తప్పదని బుద్ధుడు హెచ్చరించాడు అన్నాను. ఇరవై ఏళ్ళుగా అదే చెబుతున్నాను.

అందరూ వెళ్ళాక పిల్ల దగ్గరికొచ్చి, చాలా మెల్లగా, "సారూ, శిక్ష అంటే దండించుడు కాదు సారూ, గది మన తెలుగుల వచ్చిన అర్థం. పాళీల సిక్ఖ అంటే నేర్చుకునుడు, సాధన" అంది. ఆ తర్వాత 'సమాదియామి' అనే మాట చూపించింది. చివర ఉన్న 'మి' అంటే నేను. మనం 'వస్తాను' అన్నప్పుడు చివర 'ను' ఎలాంటిదో అలాంటిది. ఆ మాటకు అర్థం, నేను తీసుకుంటున్నాను అని. ఎవరూ ఆజ్ఞాపించటం లేదు. ఎవరూ దండించటం లేదు. ఫలానా దానికి దూరంగా ఉండటం అనే సాధనను నేనే ఎత్తుకుంటున్నాను అని మనిషి తనంతట తాను చెప్పే మాట. 'గచ్ఛామి'లో ఉన్నదీ అదే 'మి'. నన్ను కాపాడమని వేడుకోవటం అందులో లేదు, నేను నడిచి వెళుతున్నాను అనటం ఉంది.

మిత్రులారా, నేను ఆ రాత్రి నిద్రపోలేదు. దేవుడి భయం వదిలించుకోవటానికి మతం మార్చుకున్న మనుషులకు, ఇరవై ఏళ్ళపాటు, ఒక్క మాటకు అర్థం తప్పు చెప్పి, దండించే బుద్ధుణ్ణి నేనే తయారు చేసి పెట్టాను. నా దగ్గర అనువాదం ఉంది. ఆ అనువాదంలో 'శిక్షాపదం' అనే ఉంది. అది తప్పు కూడా కాదు, సంస్కృతంలో ఆ మాటకు అర్థం నేర్చుకోవటమే. తెలుగు చెవికి మాత్రం దండనగా వినబడింది. పక్కన మూలం చూడగల మనిషి ఒక్కరున్నా నా తప్పు మొదటి ఏడే దొరికేది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది నా చిన్ననాటిది. మా అమ్మమ్మ దేశాన్ని 'దేసం' అనేది. ఆకాశం 'ఆకాసం', శాంతి 'సాంతి', దోషం 'దోసం'. నేనూ అలాగే పలికేవాణ్ణి. అయిదో తరగతిలో ఒక సారు నన్ను బెంచీ ఎక్కించి 'శ' పలికించాడు. నోరు తిరగని ప్రతిసారీ క్లాసంతా నవ్వింది. మీలో ఎంతమంది ఆ బెంచీ ఎక్కారో నాకు తెలుసు. తెలుగునాట మనిషి కులం పేరులో దొరక్కపోతే 'శ, ష, స'ల్లో వెతుకుతారు.

పాళీలో శ లేదు. ష లేదు. ఉన్నది ఒక్క స. దేస, ఆకాస, దోస, సంతి. ఋ కూడా లేదు. ఋషిని 'ఇసి' అంటారు, ఋణం 'ఇణ' అవుతుంది. శ్రీ అనేది 'సిరి'. అప్సరస 'అచ్ఛరా', మన పాత తెలుగులో 'అచ్చర'. పిల్ల ఈ మాటలు నోటు పుస్తకంలో రాసి చూపిస్తుంటే నాకు అరవై ఏళ్ళ వయసులో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బుద్ధుడి మాటల్ని భద్రపరిచిన భాషలో మా అమ్మమ్మ 'దేసం' తప్పు కాదు.

అట్లని పాళీ మా అమ్మమ్మ భాషే అని ఎగిరి గంతెయ్యకండి. నేను వేశాను, పిల్ల ఆపింది. పాళీలో భ, ధ, ఘ లాంటి ఒత్తులన్నీ నిలిచి ఉన్నాయి, మనం పలకనివి అవే. పైగా తెలుగు ద్రావిడ భాష, పాళీ సంస్కృతానికి దగ్గరి చుట్టం. మన నోట శ పోవటం వేరు, అక్కడ పోవటం వేరు. భాషను నిజంగా చదివినవాళ్ళు మనకు నచ్చే అబద్ధాన్ని కూడా తుంచేస్తారు. చదివించటంలో ఉన్న లాభం ఇదీ, చిక్కూ ఇదే.

అయితే ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటవేయను. రేపు ఈ పిల్లే మనకు కొత్త పంతులమ్మ అయితే? పాళీ వచ్చినవాడు ముందు వరుసలో, రానివాడు వెనక వరుసలో కూర్చునే రోజు వస్తే, మనం ఒక గుడి వదిలి ఇంకో గుడి కట్టినట్టే కదా? వినయపిటకం చుల్లవగ్గలో ఒక కథ ఉంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు, మంచి మాటకారులు, భిక్షువులయ్యారు. రకరకాల కులాల నుంచి వచ్చిన భిక్షువులు తమ తమ యాసలతో మీ మాటను పాడు చేస్తున్నారు, దాన్ని ఛందస్సులోకి ఎక్కిస్తాం అని బుద్ధుణ్ణి అడిగారు. బుద్ధుడు వాళ్ళను మందలించాడు. ఒప్పుకోలేదు. సొంత భాషలోనే నేర్చుకోమన్నాడు.

ఇక్కడే అసలు ముడి. 'సక' అంటే సొంత. ఎవరి సొంతం? బుద్ధుడి సొంత భాష, అంటే మాగధి అని అయిదో శతాబ్దపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు చెప్పాడు. కాదు, ఎవరి భాషలో వాళ్ళు అని ఈ కాలపు పండితులు చాలామంది అంటారు. ఒకే మాట. ఒక రకంగా చదివితే పాళీ పవిత్ర భాష అవుతుంది. ఇంకో రకంగా చదివితే ధమ్మానికి పవిత్ర భాషే లేదు, బెల్లంపల్లి తెలుగు చాలు. నేను రెండో వైపే. ఎందుకంటే ఆ అన్నదమ్ముల ఫిర్యాదులో కూడా అదే 'సక' వస్తుంది, అక్కడ దానికి అర్థం ఆ భిక్షువుల సొంత భాష అనే. ఫిర్యాదులో ఒక అర్థం, జవాబులో ఇంకో అర్థం ఎలా అవుతుంది? కానీ చూడండి, పాళీ అక్కర్లేదని చెప్పటానికి కూడా నాకు పాళీ కావలసి వచ్చింది. ఈ వాదన నాకు తెలిపింది ఆ పిల్లే. ఇద్దరూ బుద్ధఘోషుణ్ణి ఉదహరించి నన్ను బెదిరిస్తే, ఏది నిజమో నాకేం తెలుస్తుంది?

ఔరంగాబాదులో బాబాసాహెబ్ పెట్టిన కాలేజీ పేరు తలచుకోండి. మిలింద్. మిలిందుడు గ్రీకు రాజు మెనాండర్. ఆయన నాణేల మీద ఒక వైపు గ్రీకు, రెండో వైపు ఖరోష్ఠి లిపిలో ప్రాకృతం. జవాబులు చెప్పిన నాగసేనుడి పేరు ఆవరణకు పెట్టి నాగసేనవనం అన్నారు. కాలేజీకి మాత్రం ప్రశ్నలడిగినవాడి పేరు పెట్టారు.

ఇప్పుడు అమరావతి. మనలో చాలామంది స్తూపం చూసి, ఫొటోలు దిగి వచ్చినవాళ్ళమే. అక్కడ దొరికిన రాళ్ళ మీద బ్రాహ్మీ లిపిలో, పాళీకి చాలా దగ్గరి ప్రాకృతంలో, దానం ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి. రాజులవే అనుకుంటాం. కాదు. పూర్ణఘటం చెక్కిన ఒక రాతి పలక మీద దాత పేరు విధికుడు. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి ఇచ్చాడు. అతని వృత్తి కూడా చెక్కారు. చమ్మకార. చర్మకారుడు, తోలు పని చేసేవాడు.

మళ్ళీ చదవండి. తోలు పని చేసేవాడు, ఉపాధ్యాయుడి కొడుకు, మహాచైత్యానికి రాయి దానమిచ్చి పేరు చెక్కించుకున్నాడు. వృత్తి పేరు దాచుకోలేదు. ఆ విధికుడు మన తాత అని నేను అనను. ఆ రోజుల్లో ఆ మాట ఈనాటి కులంలాంటిదే అని కూడా అనను. రుజువు లేనిది చెప్పటం ధమ్మం కాదు. కానీ ఆ వరుసలు చదవగలిగిన మనిషి మన వాడల్లో ఎంతకాలం లేకుండా పోయాడో ఆలోచించండి. రాయి ఉంది. చెప్పులు కుట్టే చేతులూ ఇక్కడే ఉన్నాయి. మధ్యలో అక్షరం లేదు.

ఇదంతా బాగుంది, తిండి సంగతేమిటి అంటారు. అడగాలి. 2024 అక్టోబరులో కేంద్రం పాళీకి ప్రాచీన భాష హోదా ఇచ్చింది. తెలుగుకు 2008లోనే వచ్చింది, దానితో తెలుగు ఎంఏ చదివినవాళ్ళకు ఏం ఒరిగిందో మీకు తెలుసు. సివిల్స్ మెయిన్స్ ఐచ్ఛిక సబ్జెక్టుల్లోంచి పాళీని 2013లో తీసేశారు. నెట్ పరీక్షలో పాళీ ఉంది, శాసనాలు చదివే పనికి పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, కానీ ఆ పోస్టులు ఎన్ని పడతాయి, ఎప్పుడు పడతాయి? గ్రూప్స్ రాయటానికి ఏ డిగ్రీ అయినా చాలు, కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోదు. ఇంతకుమించి ఆశ పెట్టటం మోసం. పాళీ చదివితే ఉద్యోగం ఖాయం అని మీకెవరైనా వేదిక మీద చెబితే, దిగి వచ్చాక వాళ్ళ పిల్లలేం చదువుతున్నారో అడగండి. నన్ను అడిగినట్టే.

నా నోట జవాబు రాకపోవటానికి కారణం ఇదే. సమాజానికి పాళీ వచ్చినవాళ్ళు కావాలి, నిజమే. కానీ ఆ అవసరం తాలూకు బరువంతా ఒక కాంట్రాక్టు కూలి కూతురి మీద పడింది. సర్కారు కొలువో, పింఛనో ఉన్న నాలాంటివాళ్ళం మన పిల్లల్ని సాఫ్ట్‌వేర్‌కు పంపి, కూటికి లేని ఇంటి పిల్లను ధమ్మానికి పంపుతున్నాం. అది త్యాగమే, కానీ మనది కాదు. ఎవరిదో తీసుకుని మనం పుణ్యం కట్టుకుంటున్నాం.

మా విహారంలో ఇంటికి నెలకు యాభై రూపాయలని ఒక మాట అనుకున్నాం. ముప్ఫై ఒక్క ఇళ్ళు ఒప్పుకున్నాయి. మొదటి ఏడు బాగానే వచ్చాయి. ఇప్పుడు సగం ఇళ్ళు మర్చిపోయాయి. మిగతాది నేను వేస్తున్నాను. దాన్ని దానం అనటం లేదు, బాకీ కింద రాసుకున్నాను. పై చదువుకు పోతానంటే ఎంఏ దాకా, వద్దు గ్రూప్స్ రాస్తానంటే కోచింగ్ దాకా. ఏది చదవాలో పిల్లే తేల్చుకోవాలని కూడా అనుకున్నాం. మీ ఊళ్ళో ఇలాంటి పిల్ల బయలుదేరితే, చప్పట్లు కొట్టేముందు ఈ లెక్క వేసుకోండి.

ఇప్పుడు మూడో సంవత్సరం. పోయిన దసరాకు, ధమ్మచక్ర ప్రవర్తన దినం నాడు, పంచశీలకు అర్థం నేను చెప్పలేదు, ఆమెనే చెప్పమన్నాను. రెండో శీలం దగ్గర ఆగింది. దాన్ని మనం దొంగతనం చెయ్యను అని చెప్పుకుంటాం. 'దిన్న' అంటే ఇచ్చినది, 'అదిన్న' అంటే ఇవ్వనిది, 'ఆదాన' అంటే తీసుకోవటం అంది. తాళం పగలగొట్టటం ఒక్కటే కాదు, ఎదుటి మనిషి మనసారా ఇవ్వని ఏదైనా అందులోకి వస్తుంది అంది. కూలి తక్కువిచ్చి పని చేయించుకోవటం కూడా వస్తుందా అని వెనక నుంచి ఎవరో అడిగారు. వస్తుంది అంది.

వాళ్ళమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఆమె అడిగినదానికి నేను ఇంకా జవాబు చెప్పలేదు. 'అదిన్న' అనే మాట దగ్గర ఆమె నావైపు ఒకసారి తిరిగి చూసింది. నేను వందన పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.